అమ్మకానికి లేని స్థలము

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనుకాడినాను. ఈ వేదికమీద ప్రతి ఏటా పండితులు పంచాంగము వినిపిస్తారు, కవులు పద్యములు చదువుతారు. నేను పదవ తరగతితో చదువు చాలించి, రైల్వేలో చిన్న కొలువులో చేరి, శాఖాపరీక్ష వ్రాసి గుమాస్తానైనవాణ్ణి. మా గుడిబండెకు రైలు లేదు. రైలెక్కవలెనంటే గౌరిబిదనూరుకో చిక్కబళ్లాపురానికో పోవాలి. రైలు లేని ఊరినుంచి రైల్వే గుమాస్తా వచ్చినట్లే, చదువు లేనివాడినుంచి ఉపన్యాసము రాకూడదా అని కార్యదర్శిగారు నవ్వినారు. ఒప్పుకొన్నాను.

నేను చెప్పబోయేది ఇండ్ల సంగతి. గుడిబండె, బాగేపల్లి, చింతామణి వైపునుంచి పొట్ట చేతబట్టుకొని బెంగుళూరు చేరిన మన కుటుంబములలో 40 కుటుంబాలవారము కూడి, ఊరివైపు రెండెకరాల నేల తీసుకొని, లేఔటు వేయించుకోవాలని అనుకుంటున్నాము. రాబోయే సర్వసభ్య సమావేశములో అడ్వాన్సు ఇచ్చే విషయము తేల్చవలసి యున్నది. ఆ పట్టికలో నా పేరు కూడా ఉన్నది. పదేండ్లు కట్టిన చీటీ డబ్బు అందులో పెట్టబోతున్నాను. కాబట్టి ఇది గట్టుమీద కూర్చున్నవాడు చెప్పే మాట కాదు, మీతో కూడ నీళ్లలో దిగినవాడు చెప్పేది.

మొన్న పటము తెచ్చి బల్లమీద పరచినప్పుడు మనమందరము ఏమి చూచినాము? నా సైటు ఎక్కడ, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా, మూల సైటు ఎవరికి పడినది, వీధిపోటు ఉన్నదా లేదా, ఇవే చూచినాము. నేనూ అదే చూచినాను. 30 అడుగులు, 40 అడుగులు, నా నంబరు. ఆ రాత్రి సంతోషము పట్టలేక ఊరిలో ఉన్న మా నాయనకు ఫోను చేసినాను. ఆయన ముఖము గురించి గాని మూల గురించి గాని అడగలేదు.

"నీళ్లు యాడనించి వస్తాయప్పా?" అన్నాడు.

"బోరు వేయిస్తారంట నాయనా."

"ఎన్ని అడుగులకు?"

నాకు తెలియదు. ఆయన కొంతసేపు ఊరకున్నాడు. తరువాత, "నీ పండ్లు వొకసారి అద్దములో చూసుకో. ఆ పొద్దు చిన్నబిడ్డని కూడా పక్కన నిలబెట్టుకో" అని ఫోను పెట్టేసినాడు.

నా పండ్లమీద గోధుమరంగు చారలున్నవి. మీలో చాలామందికీ ఉన్నవి. చిన్నప్పుడు బడిలో మేమందరము ఒకరినొకరము చూచుకొని ఊరివాళ్ల పండ్లు ఇట్లే ఉంటాయి కాబోలు అనుకొనేవాళ్లము. బెంగుళూరు వచ్చిన తరువాత గదా ఇది పాచి కాదు, తోమితే పోయేది కాదు అని తెలిసినది. ఇది నీటిలోని ఫ్లోరైడు చేసే పని. పండ్లు చిగుళ్లలో ఏర్పడే వయస్సులో, అంటే సుమారు ఎనిమిదేండ్లలోపల, ఫ్లోరైడు మించిన నీళ్లు తాగితే మచ్చలు పడుతవి. ఏండ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకొని, మెడ తిరగక, నడుము వంగక మనిషి కొయ్యబారిపోతాడు. మా నాయన అరుగుమీదనుంచి లేవాలంటే గోడ పట్టుకొని లేస్తాడు. ఈ జబ్బు పట్టినమీదట మందు లేదు, రాకుండా చూసుకోవడమొక్కటే ఉపాయము. మా అమ్మాయికి ఇప్పుడు ఆరేండ్లు.

మన ప్రాంతములో ఇది ఎట్లా వచ్చినదో తెలుసుకోవాలి. మనకు ఏడాది పొడుగునా పారే నది లేదు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మన జిల్లాలోని కొండల దగ్గర పుట్టినా, మనకు ఇసుక చూపించి పోతవి. మన పూర్వులు చెరువులమీద బ్రతికినారు. చెరువు కింద బావి తీసి, పైనీరు తాగినారు. తరువాత చెరువులు పూడినవి, బావులు ఎండినవి, బోర్లు వచ్చినవి. నల్లరాతి పొరలలో చాలకాలము నిలిచిన నీటిలోనికి ఆ రాతిలోని ఫ్లోరైడు కరిగి దిగుతుంది. లోతుకు పోయినకొద్దీ తరచుగా అదే కథ. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణము. మన తాలూకాలలో దీనికి మించినవి ఎన్నో బోర్లు ఉన్నవి.

ఇది మన ఒక్కరి కష్టము కాదు. మన దేశములో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి వ్రాసినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తెలుగువారి ఊళ్లలోనే. తరువాత నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్ల పిల్లలను దేశమంతా చూచినది. అక్కడ చివరకు పనికి వచ్చినది ఇంటింటా ఎవరి తంటాలు వారు పడడము కాదు, దూరపు నదినీటిని అందరికీ కలిపి గొట్టాలలో తేవడము. ఈ మాట జ్ఞాపకముంచుకొనండి. మళ్లీ దీనికే వస్తాను.

ఒక హెచ్చరిక చేసి ముందుకు పోతాను. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు. క్రిములు చస్తవి, ఫ్లోరైడు అట్లే ఉంటుంది. నీరు ఆవిరై తగ్గినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన ఊళ్లలో నాణెము వేస్తే బిందె నిండే శుద్ధనీటి యంత్రాలు పెట్టినారు. అవి ఫ్లోరైడును తీస్తవి. కాని యంత్రము చెడిన నాడు, కరెంటు లేని నాడు మళ్లీ బోరునీళ్లే గతి.

ఇప్పుడు లెక్కకు వస్తాను. గుమాస్తాకు లెక్కే బలము. రెండెకరాలంటే 87,120 చదరపుటడుగులు. 40 సైట్లు, ఒక్కొక్కటి 1,200 చొప్పున, 48,000. మిగిలినది 39,120. ఇది రోడ్లకు, కాలువలకు, పార్కుకు, ఇతర సదుపాయాలకు అని పటములో తెల్లగా వదలినారు. దీనిని 40తో భాగిస్తే తలకు 978 చదరపుటడుగులు. ఈ నేల ధర ఎవరు ఇస్తున్నారు? మనమే. సైటు ధరలో అది కలిసియే యున్నది. అంటే మనలో ప్రతి ఒక్కరు 1,200 అడుగుల సైటును వేలుపెట్టి చూచుకొని, దాదాపు అంతే పెద్దదైన ఇంకొక సైటును చూడకుండా కొంటున్నాము. నేను ఈ సాయంకాలము చెప్పదలచినదంతా ఇదే. ఇంటివాళ్ల ఆరోగ్యము ఆ రెండవ సైటులో ఉన్నది. అమ్మకానికి పెట్టినదానిలో కాదు, అమ్మకానికి లేనిదానిలో ఉన్నది.

ఇది ఉత్త మాట కాదని చూపుతాను. మురుగు ఇంకే గుంటకు, తాగే నీటి బోరుకు నడుమ కనీసము 15 మీటర్లైనా ఎడము ఉండవలెనని ఇంజనీర్లు చెప్పుతారు. మన సైటు పొడవు 12 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. మూలనుంచి ఎదురు మూలకు కొలిస్తే సరిగా 50 అడుగులు, అంటే 15 మీటర్ల పైన చిన్న పిసరు. సరే, ఒక మూల బోరు, ఎదురుమూల గుంట పెట్టినామనుకొందాము. ఆ గుంట గోడకు అవతల ఎవరున్నారు? పక్కింటివారి బోరు. నేను ఎంత శుద్ధిగా ఉన్నా పక్కింటి పాయఖానా నా చెంబులోనికి వస్తుంది, నాది వారి చెంబులోనికి పోతుంది. ఇది పొరుగువారి తప్పు కాదు, మన తప్పు కాదు, 30-40 కొలత చేసే పని. చిన్న సైట్లలో ఎవరి బోరు వారు, ఎవరి గుంట వారు అన్న పద్ధతి ఎన్నడూ కుదరదు. మురుగును ఒకచోటికి చేర్చి శుద్ధి చేయడము, నీటిని ఒకచోటనుంచి ఇవ్వడము, ఇవి రెండూ అందరికీ కలిపి జరగవలసిన పనులు.

మన పెద్దలకు ఈ సంగతి తెలిసే యుండినది. గుడిబండె కొండ ఎక్కినవారందరు చూచియుందురు. 17వ శతాబ్దములో పాళెగాడు బైరేగౌడ ఆ కొండమీద కోట కట్టినప్పుడు, పడిన వాననీరు ఒక దొననుంచి మరొక దొనకు దిగేటట్లు రాతిలో 19 దొనలను కలిపి ఏర్పాటు చేసినారని చెప్పుతారు. కింద బైరసాగరము చెరువు ఉన్నది. కొండమీదనుంచి చూస్తే అది భారతదేశపు పటములాగా కనబడుతుందని ఇప్పుడు బెంగుళూరునుంచి కుర్రవాళ్లు మోటారు సైకిళ్లమీద వచ్చి ఫోటోలు తీసుకొంటారు. తీసుకోనిండు. కాని వాళ్లు చూచేది ఒక ఊరి ఇంజనీరింగు పటము. మొదట కొండమీద నీరు, తరువాత కట్ట, తూము, మరవ, ఆ తరువాత పొలము, చివరకు ఇండ్లు. నీటికి దారి చూపించి మనిషికి చోటు చూచినారు. మనము మొదట మనిషికి నంబరు వేసి, తరువాత నీటిని వెదుకుతున్నాము.

అట్లాగే ప్రతి ఊరికి ఒక గుండుతోపు ఉండేది, పశువులకు గోమాళము ఉండేది, రావి వేప జంటకు అశ్వత్థకట్ట ఉండేది, చెరువునీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. వీటిలో ఒక్కటి కూడా ఏ ఒక్కరి పేరా లేదు. అయినా వీటిని తీసివేస్తే ఊరు లేదు. ఆ ఊళ్లు అందరికీ సమానముగా ఉండినవని నేను చెప్పను. ఏ బావిలో ఎవరు చేద వేయకూడదో మన అవ్వలకు బాగా తెలుసు. ఆ అన్యాయము మళ్లీ రాకూడదు, ఆ తోపు మాత్రము రావాలి.

బెంగుళూరు సంగతి కూడా కొంచెము చెప్పుతాను. 1898 ఆగస్టులో ఈ నగరానికి ప్లేగు వచ్చినది. వచ్చినది మా రైలుదారినే, హుబ్బళ్లి వైపునుంచి. పేటలో గాలి వెలుతురు లేని ఇండ్లలో, ఎలుకల నడుమ, జనము వేలకొలది చనిపోయినారు. అప్పుడు గదా మల్లేశ్వరము, బసవనగుడి అనే కొత్త భాగములు వేసినారు. వెడల్పు వీధులు, ఇంటికి ఇంటికి నడుమ ఎడము, చెట్లు, ఇండ్ల వెనుక పారిశుద్ధ్యపు సందులు. కంటోన్మెంటు వైపు 1906లో మొదలుపెట్టిన ఫ్రేజరు టౌను కూడా ప్లేగు భయములోనే పుట్టినది. ఈనాడు ఆ పేటలలో సైటు కొనే శక్తి మనలో ఎవరికీ లేదు. అక్కడ గోడలు బంగారముతో కట్టలేదు. వీధికి, చెట్టుకు, సందుకు ముందుగా చోటు వదలినారు. నూరేండ్ల పైన గడిచినా ఆ విలువ కరగలేదు.

సరిగా ఆ 1898లోనే ఇంగ్లండులో ఎబినేజరు హోవర్డు అనే ఆయన తోటనగరముల గురించి ఒక పుస్తకము అచ్చువేసినాడు. ఆయన కూడా నావలె గుమాస్తా రకమే, సభలలో జరిగిన మాటలను సంక్షిప్తలిపిలో వ్రాసుకొనే ఉద్యోగి. ఊరి నేల అంతా అందరికీ కలిపి ఉండాలి, దానిమీద వచ్చే అద్దె ఊరి బాగుకే పోవాలి అన్నాడు. 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు ఆ ప్రకారము మొదలుపెట్టినారు. మనము అంతదూరము పోనక్కరలేదు. ఆ 978 అడుగులను మాత్రము అందరిదిగా నిలుపుకొంటే చాలు.

మన జిల్లా ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగుదేశములోని మోక్షగుండము వారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు కొట్టుకొనిపోయినప్పుడు నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపించినది. ఆయన పోయి, ఇండ్లు మళ్లీ ఎట్లా కట్టాలని మొదట చూడలేదు. నీరు ఎక్కడ ఆగాలి, మురుగు ఎట్లా పోవాలి అని చూచినాడు. నగరానికి పైన 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఇరుకు బస్తీలను బాగుచేయడానికి 1912లో నగరాభివృద్ధి సంఘము ఏర్పడినది. ఎంత పెద్ద నగరమైనా, ఎంత చిన్న లేఔటైనా వరుస మాత్రము అదే.

ఆ వరుస తప్పితే ఏమవుతుందో మనమందరము కండ్లారా చూచినాము. 2022 సెప్టెంబరులో బెంగుళూరు తూర్పు వైపున, కోట్లు పెట్టి కొన్న ఇండ్లలోనుంచి జనాన్ని ట్రాక్టర్లమీద, పడవలమీద బయటికి తెచ్చినారు. చెరువుల నడుమ నీరు పారే రాజకాలువలను పూడ్చి, పల్లమును మెరక చేసి కట్టినందువలన వచ్చిన కష్టమది. రెండేండ్లు కాకముందే, 2024 వేసవిలో, అదే నగరములో నీళ్ల ట్యాంకరు కోసము నిలబడినాము. వాన పడితే మునక, పడకుంటే కరువు. నీటికి చోటు వదలని ఊరికి రెండు కష్టములూ కలిసే వస్తవి.

ఇక మా క్వార్టర్ల సంగతి చెప్పకుంటే రైల్వేవాడి ప్రసంగము కాదు. ఏ కాలనీయో చెప్పను. మా ఇంటి కప్పు ఒకచోట కారుతుంది, గోడకు చెమ్మ ఉన్నది. ఇల్లు చూస్తే మీ అద్దెయిండ్లకన్న అధ్వాన్నము. అయినా మా ఇంట్లో దానిని వదలి రావడానికి ఒప్పుకోదు. ఎందుకని అడిగితే మూడు కారణములు చెప్పుతుంది. ఇంటిముందు పెద్ద కానుగచెట్టు ఉన్నది, ఆ నీడన సాయంకాలము ఆడవాళ్లు పది మంది కూర్చుంటారు. పిల్ల ఆడుకొనే మైదానానికి మోటారు బండ్ల రోడ్డు దాటకుండా పోవచ్చును. మూడవది, కుళాయి చెడితే ఫిర్యాదు పుస్తకము ఉన్నది. వ్రాసిన వెంటనే వస్తారని కాదు. రాకుంటే ఎవరిని అడగాలో తెలుసు.

ఆ మూడవ మాట నన్ను ఆలోచింపజేసినది. ప్రయివేటు లేఔటులో సైట్లన్నీ అమ్ముడుపోయిన మరునాడు అమ్మినవారు ఉండరు. పార్కు అని పటములో వ్రాసినచోట కంప మొలుస్తుంది. కాలువ పూడుతుంది. దోమలు పుట్టి డెంగీ వచ్చినప్పుడు ఎవరి ఇంటిముందు వారు బ్లీచింగు పొడి చల్లుకొంటారు. దోమకు సైటు నంబరు తెలియదు గదా! కాబట్టి నీరుగంటి లేని చెరువు ఎట్లాటిదో, బాధ్యుడు లేని లేఔటు అట్లాటిది.

మనస్సు ఆరోగ్యము గురించి ఒక మాట. ఊరిలో ఉన్న మన తల్లిదండ్రులను తెచ్చి మూడవ అంతస్తు గదిలో పెట్టినాము. అన్నము ఉన్నది, టి.వి. ఉన్నది, మందులున్నవి. పలకరించే మనిషి లేడు. మా మేనత్త రెండు నెలలు మా దగ్గర ఉండి, "నాయనా, ఈ ఊర్లో నన్ను ఎవురూ ఎవురమ్మా నువ్వని కూడా అడగలేదప్పా" అని తిరిగి పోయినది. వీధిలో ఒక కట్ట, దానిమీద నీడ, అక్కడికి ముసలివారు పట్టుకొని నడవడానికి మెట్లు లేని చదునైన దారి, ఇవి వైద్యశాలకన్న ముందు కావలసిన వైద్యము. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసుకొన్నప్పుడు, తిన్నె ఉన్నవారు ఎడముగా కూర్చొని మాట్లాడుకొన్నారు, తిన్నె లేనివారు గోడలతో మాట్లాడుకొన్నారు.

సరే, ఏమి చేద్దామంటావు అని మీరు అడుగుతారు. నా మనవి ఇది.

అడ్వాన్సు ఇవ్వకముందు ఆ నేల చుట్టుపక్కల ఉన్న బోర్ల నీటిని సీసాలలో పట్టి పరీక్షకు పంపుదాము. ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత అని అడుగుదాము. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి. ఖర్చు 40 ఇండ్లకు పంచితే ఒక పూట కాఫీకి రాదు. నీరు మంచిదైతే సంతోషము. కాకుంటే బోరునీరు స్నానానికి, గుడ్డలకు పెట్టుకొని, తాగడానికి వాననీరు పట్టుదాము.

వాననీరు చాలునా అంటారు. 800 చదరపుటడుగుల మిద్దె అంటే సుమారు 74 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే దానిమీద 74 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకొంటే 44,400 లీటర్లు. మొదటి వాన కడుగునీరు వదలివేసి, పోయినది పోగా మూడింట రెండు వంతులు పట్టినా 29,600. అయిదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు మనిషికి అయిదు లీటర్ల చొప్పున దినానికి 25, ఏడాదికి 9,125. కాబట్టి పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తొట్టి ఒకటి నేలలో కట్టి, మూత వేసి, ఇసుక బొగ్గు వడపోత పెడితే 10,000 లీటర్లు నిలుస్తుంది. కరువు ఏట సగము వాన పడినా ఆ తొట్టి నిండుతుంది. వాననీటిలో రాతి ఫ్లోరైడు ఉండదు. క్రిములకు కాచుకొంటే చాలును. బైరేగౌడ కొండమీద చేసినది మనము మిద్దెమీద చేయలేమా?

రెండవది, పటమును తిరగవేసి గీయిద్దాము. మొదట నీరు ఏ మూలకు వాలుతుందో చూచి, ఆ పల్లపు మూలను సైటుగా అమ్మకుండా కుంటగా వదలుదాము. రాజకాలువ హద్దు దాటి ఒక్క అడుగు కూడా వద్దు. తరువాత మురుగు దారి, దానిని శుద్ధిచేసే చోటు. తరువాత చెట్లు, కట్ట, పిల్లల మైదానము, నడిచే దారి. చివరకు మన నంబర్లు. ఇంట్లో కూడా ప్రతి గదికి నేలలో పదవ వంతుకు తక్కువ కాకుండా కిటికీ పెట్టుకొందాము. పక్కింటి గోడకు ఆనించి కట్టి దానికి ఎదురుగా కిటికీ పెడితే అది కిటికీ కాదు, గూడు.

మూడవది, మురుగు గుంటలో మనిషిని దింపే పని మన లేఔటులో ఎన్నడూ జరగకూడదు. పాత పేటల శుభ్రత వెనుక, ఆ వెనుకసందులలో తలమీద మలము మోసిన మనుషులున్నారు. 1993లోను, మరల 2013లోను చట్టములు చేసి ఆ పని నిషేధించినారు. అయినా గుంటలలో ఊపిరాడక చనిపోయేవారి వార్త పత్రికలో వస్తూనే ఉన్నది. యంత్రము దిగగలిగే దారి ఉంచి గుంట కట్టడము పటము గీసే నాడే చేయవలసిన పని. మన ఆరోగ్యము ఇంకొకరి ప్రాణముమీద నిలబడితే అది ఆరోగ్యము కాదు.

నాలుగవది, కాగితములు. డి.సి. కన్వర్షను అయినదా, నగర యోజనవారి ఆమోదము ఉన్నదా, 2016 రేరా చట్టము ప్రకారము నమోదు సంఖ్య ఉన్నదా చూడాలి. 500 చదరపు మీటర్లు దాటిన నేలలో సైట్లు వేసి అమ్మేవారు ఆ నమోదు చేయించుకోవాలి. రెవిన్యూ సైటు చవుకగా వస్తుందని ఆశపడితే, పార్కు ఏది, కాలువ ఏది అని అడిగే హక్కు కూడా చవుకగా పోతుంది. అందరి భాగము ఎవరి పేర రాస్తారో, ఎవరు కాపాడుతారో ముందే వ్రాయించుకొని, నెలకు ఇంత అని చందా వేసుకొని, ఒక మనిషిని నీరుగంటిగా పెట్టుకొందాము. ఒక ఫిర్యాదు పుస్తకము కొనే ఖర్చు నాది.

ఇట్లా చేస్తే 40 సైట్లు 36 అవుతవి, ధర పెరుగుతుంది, నిజమే. పెద్దలు ఒకరు నాతో, "అన్నీ చూచుకొంటూ పోతే ఈ జన్మలో ఇల్లు కట్టలేవు నాయనా" అన్నారు. ఆ మాటలో అనుభవము ఉన్నది, కాదనను. ఆగిన ప్రతి ఏడు నేల ధర మీదికి పోతుంది. నాలుగు కుటుంబములు విడిపోతే ఆ నాలుగు మనవే. కాబట్టి ఎవరినీ వదలకుండా 30-40 బదులు కొంచెము చిన్న సైట్లు వేద్దామా, లేక ఇంకొక పాతిక సెంట్లు చూద్దామా అని సమావేశములో అందరము కూర్చొని తేల్చుకోవాలి. నేను ఒక తీర్మానము వ్రాసి తెస్తాను. నీటి పరీక్ష కాగితము చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకూడదు అన్నది అందులో మొదటి మాట. మీకు నచ్చకుంటే కొట్టివేయండి, కాని నీరు చూడకుండా మాత్రము కొట్టివేయకండి.

మా నాయనకు ఈ లెక్కలన్నీ మొన్న ఫోనులో చదివి వినిపించినాను. అంతా విని, "కట్ట యాడ వేస్తారు?" అని అడిగినాడు. దక్షిణపు పక్క, వేపచెట్టు ఉన్నచోట అన్నాను. "ఎత్తు రెండడుగులు దాటనీకప్పా, నాకు ఎక్కను కాదు" అన్నాడు. ఆ రెండడుగులు కూడా తీర్మానములో వ్రాసినాను.

ఈ కొత్త సంవత్సరములో మన పిల్లల పండ్లు తెల్లగాను, పెద్దల మోకాళ్లు చక్కగాను, మన చెరువులు మరవ పారేటట్లుగాను ఉండుగాక అని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.